పాలిచ్చే తల్లికి చట్టం చూపిన చోటు

1979 నాటి మాట. మా ఊరు లేపాక్షి. ఉద్యోగరీత్యా హిందూపురంలో కాపురం. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. సెలవు ముగిసి పనిలో చేరేనాటికి బిడ్డకు నాలుగో నెల. మధ్యాహ్నం మా అత్తమ్మ బిడ్డనెత్తుకుని వచ్చేది. రికార్డు గదిలో బీరువాల చాటున పాలిచ్చేదాన్ని. ఒకరోజు పైఅధికారి చూసి, “ఇది ఆఫీసా, ఇల్లా?” అన్నారు. మరునాటి నుండి డబ్బాపాలు అలవాటు చేశాను. మా ఊళ్ళో వేరుశనగ చేలో కూలికి పోయే తల్లి గట్టున కూర్చుని పాలిస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆఫీసు గోడల మధ్యనే అది తప్పయింది.

పదవీ విరమణ తర్వాత తీరిక దొరికి ఈ చట్టాల సంగతి తెలుసుకున్నాను. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశం, పాలిచ్చే కార్మికురాలికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామం ఉండాలని తీర్మానించింది. మన దేశం దానిని ధ్రువీకరించలేదు. అయినా ప్రసూతి చట్టాలు బొంబాయిలో 1929లో, మన జిల్లా అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో 1934లో వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం యాభై మందికి మించి స్త్రీలున్న చోట శిశువుల గది ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను ముప్ఫైకి తగ్గించారు.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంతో, బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు విరామాలు హక్కుగా దక్కాయి. అయితే అవి ఫ్యాక్టరీలు, గనులు, తోటల వారికే. నాలాంటి గుమాస్తాకు వర్తించలేదు. పదిమందికి తగ్గకుండా పనిచేసే దుకాణాలు, సంస్థలకు 1988 సవరణతో విస్తరించారు. 1992లో పాలడబ్బాల ప్రచారాన్ని నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలయింది; యాభై మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసుకునే వీలు కల్పించారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఆ రెండు విరామాలను నిలిపింది.

ఇవన్నీ పనిచేసే చోటి సంగతులు. స్కాట్లాండులో బహిరంగ ప్రదేశంలో బిడ్డకు పాలివ్వకుండా అడ్డుకోవడం 2005 నుండి నేరం. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే 2025 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు, బహిరంగంగా పాలివ్వడాన్ని తప్పుగా చూడరాదనీ, కొత్తగా కట్టే ప్రజా భవనాలలో అందుకు చోటు కేటాయించాలనీ చెప్పింది.

చట్టం గది కట్టించగలదు, చూపును మార్చలేదు. అది మనవంటి పెద్దల పని. బస్సులోనో, బ్యాంకులోనో చంటిబిడ్డ తల్లి కనిపిస్తే కాస్త జరిగి చోటిద్దాం, చూపు పక్కకు తిప్పుకుందాం. ఆనాడు నేను కోరుకున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.