భాష రాని దేశంలో పాఠం చెప్పిన మేష్టారు

మన కుటుంబాల్లో చాలామందిది ఒకటే కథ: ఇంట్లో తెలుగు, బడిలో వేరే భాష. నేను కూడా కన్నడ మీడియంలోనే చదివాను. అందుకేనేమో జోసెఫ్ ఆల్బర్స్ అనే జర్మన్ మేష్టారి చరిత్ర నాకు దగ్గరగా అనిపించింది.

ఆయన 1888లో పుట్టారు. కొన్నేళ్ళు చిన్నపిల్లల బడిలో టీచరు. 1920లో, ముప్పై రెండేళ్ళ వయసులో, వైమర్‌లోని బౌహౌస్ అనే డిజైన్ బడిలో విద్యార్థిగా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజులు, సామాను కొనడానికి డబ్బుల్లేవు. చెత్తకుప్పల్లో పగిలిన సీసాలు ఏరుకొచ్చి, ఆ గాజు ముక్కలతోనే బొమ్మలు కూర్చారు. 1923 నుంచి అక్కడే కొత్త విద్యార్థులకు పాఠాలు చెప్పారు.

ఆయన పాఠం ఇలా ఉండేది. ఒకరోజు క్లాసుకి న్యూస్‌పేపర్లు పట్టుకొచ్చి పంచారు. కాగితం వృథా కాకుండా, దాని గుణం తెలిసేలా ఏదైనా చెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు. కొన్ని గంటల తర్వాత వచ్చి చూస్తే పడవలు, కోటలు, విమానాలు. ఇవన్నీ వేరే సామానుతో ఇంకా బాగా చెయ్యొచ్చు అన్నారు. ఒక విద్యార్థి మాత్రం కాగితాన్ని నిలువుగా మడిచి నిలబెట్టాడు, అంతే. మెత్తటి కాగితం ఒక్క మడతతో గట్టిపడింది. ఆయన మెచ్చుకున్నది దాన్నే.

1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడింది. అదే ఏడాది భార్య ఆనీతో కలిసి అమెరికాలో నార్త్ కరొలైనాకి, అప్పుడే మొదలైన బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్ళారు. నలభై అయిదేళ్ళ వయసు, ఇంగ్లీషు దాదాపు రాదు. ఆనీకి వచ్చు కాబట్టి మొదట్లో ఆవిడే ఆయన మాటల్ని ఇంగ్లీషులో చెప్పేవారు. అయినా పాఠం ఆగలేదు. ఎందుకంటే అందులో ఉపన్యాసం తక్కువ, చేతిలో వస్తువు ఎక్కువ. 1949 దాకా అక్కడే నేర్పారు, తర్వాత యేల్ యూనివర్సిటీలో.

రంగులు కూడా ఆయన రంగు కాగితాలతోనే నేర్పేవారు. ఒకే రంగు ముక్కని రెండు వేరే రంగుల మీద పెడితే రెండు రంగుల్లా కనిపిస్తుంది. చీరల కొట్లో ఒకే జాకెట్టు గుడ్డని రెండు చీరల మీద పెట్టి చూసే అమ్మలకి ఇది కొత్త సంగతి కాదు. 1963లో ఈ పాఠాలన్నీ పుస్తకంగా వచ్చాయి.

తెలుగు బడి లేని ఊళ్ళల్లో మన పెద్దవాళ్ళు భాషని నిలబెట్టింది కూడా ఇలాగే కదా. వంటింట్లో, పొలంలో, మగ్గం దగ్గర ముందు వస్తువు చేతికి వచ్చింది, దాని వెంట మాట వచ్చింది. మన పిల్లలకి తెలుగు నేర్పాలంటే పుస్తకం కన్నా ముందు వాళ్ళ చేతికి ఏమిస్తున్నాం అని చూసుకోవాలి.