లోపల నలుపు, బయట ఎరుపు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నాకు తెలిసిన చరిత్రంతా ఫైళ్లదే కదా అని తప్పించుకున్నాను. ఆ వారమే మా మనవరాలు కళ్లనీళ్లతో ఇంటికి వచ్చింది. చిత్రకళ, శిల్పకళ కోర్సులో మొదటి సంవత్సరం చదువుతోంది. పది రోజులు కష్టపడి చేసిన పాత్ర బట్టీలో పేలిపోయి, పక్కవాళ్ల పాత్రల్ని కూడా పగలగొట్టిందట. “నాకు చక్రం చేతకాదు తాతయ్యా, మానేస్తాను” అంది. చేతకానిది చక్రం కాదని చెప్పడానికి ఒక ఆదివారమంతా పట్టింది. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

కుండ అనగానే అందరికీ సారె గుర్తుకొస్తుంది. కాని సారె ఆలస్యంగా వచ్చిన చుట్టం. చైనాలో షియాన్‌రెన్‌డోంగ్ గుహలో దొరికిన కుండపెంకులు సుమారు 20,000 ఏళ్లనాటివని 2012లో పరిశోధకులు ప్రకటించారు. సారె వయసు అందులో మూడోవంతు ఉంటుంది. మన దగ్గర చూడండి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు సుమా) 1957లో రేమండ్ ఆల్చిన్ బూడిదదిబ్బ తవ్వినప్పుడు నాలుగువేల ఏళ్లకు పూర్వం పశువులు కాసుకున్నవారి కుండలు దొరికాయి. చాలావరకు చేత్తో చేసినవే. మట్టిని తాళ్లలా పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి, అతుకులు కనపడకుండా మెత్తి, కొంచెం ఆరాక నున్నని గులకరాయితో రుద్దితే మెరుపు వస్తుంది. ఈనాటి విద్యార్థికి మొదటి నెలలో నేర్పేదీ ఇదే.

సారె వచ్చాక కూడా పని అంతా సారె మీద అయిపోలేదు. మా ఊరి కుమ్మరి తాత కుండను మందంగా, అడుగు లేకుండా సారె మీద తీసేవాడు. కాస్త బిగిశాక లోపల రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టేవాడు. తట్టగా తట్టగా అడుగు మూసుకునేది, గోడ పలచబడేది. గోడ అంతటా ఒకే మందం ఉండాలన్నదే ఆయన పట్టుదల. ఎందుకంటే మట్టి ఆరినా కాలినా కుంచించుకుపోతుంది. ఒకచోట మందం, ఒకచోట పలచన అయితే రెండూ ఒకే తీరుగా ముడుచుకోవు, పగులు తప్పదు.

మనవరాలి పాత్ర పేలింది కూడా మందంలోనే. లోపల గాలిబుడగ ఉండిపోయిందని తోటివాళ్లు అన్నారట. అసలు దోషి తడి. పైకి ఆరినట్టు కనిపించినా మందపాటి అడుగులో నీరు మిగిలిపోతుంది. 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై, దారి దొరక్క గోడను చీల్చుకుని వస్తుంది. ఆ తర్వాత 600 డిగ్రీల దాకా మట్టి అణువుల్లో కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. అది పోయాక ఎన్నేళ్లు నానబెట్టినా మళ్లీ బురద కాదు. మట్టి కుండ అయ్యేది అక్కడే, సారె మీద కాదు.

నిప్పును మనవాళ్లు ఎంత బాగా ఎరుగుదురో చూపించడానికి అమ్మాయిని మ్యూజియానికి తీసుకెళ్లాను. మన పల్లెల్లో రాకాసిగుళ్లు అంటామే, ఆ ఇనుపయుగపు సమాధుల్లో దొరికే కుండలు లోపల, మూతి దగ్గర నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. “రంగు వేశారా?” అంది. రంగు కాదు. మట్టిలోని ఇనుముకు గాలి తగిలితే ఎరుపు, గాలి అందక పొగ పట్టితే నలుపు. కుండను బోర్లించి, మూతిని ఊకలోనో బూడిదలోనో కూరి కాలిస్తే లోపలికి గాలి చేరదు. రెండుసార్లు కాల్చారని వాదించే పండితులూ ఉన్నారు. ఏదైనా సరే, ఆక్సిజన్ అన్న పేరు పుట్టడానికి రెండువేల ఏళ్లకు మునుపే దాన్ని ఎక్కడ రానివ్వాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు వాళ్లు. దీన్ని “మొరటు పనితనం” అని రాసినవారి మీద నాకు కోపం.

ఈ చిన్నచూపుకు ఇంకో ఉదాహరణ ఉంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ తవ్వకాల్లో, అడుగున సన్నని నొక్కుల వలయాలున్న నాజూకు పళ్లేలు దొరికాయి. ఇంత నేర్పు మధ్యధరా ప్రాంతం నుంచే వచ్చి ఉండాలన్నారు. అలాంటివి మన అమరావతిలో, శాలిహుండంలో కూడా ఉన్నాయి. తరువాత విమలా బెగ్లీ వంటివారి పరిశీలనలు, మట్టి పరీక్షలు అవి ఇక్కడి పనేనని తేల్చాయి.

మెరుపుపూత సంగతి మన వంటింట్లోనే ఉంది. వెయ్యి డిగ్రీల లోపు కాలిన నీళ్లకుండకు సన్నని రంధ్రాలు ఉంటాయి. చెమర్చిన నీరు ఆవిరవుతుంది కనుకనే మంచినీళ్లు చల్లన. 1200 డిగ్రీలు దాటి కాలిన ఆవకాయ జాడీ గోడ దాదాపు రాయి అవుతుంది. పైన కరిగి పరుచుకున్న పూత ఒక రకం గాజే. అందుకే నూనె ఊరదు. అమ్మాయి ఇది విని జాడీని గోటితో మీటి చూసింది, కుండను మీటి చూసింది. శబ్దం వేరు.

కోర్సు మానలేదు. ఈసారి చిన్న గిన్నె, చేత్తోనే చేసి, పదిహేను రోజులు నీడన ఆరబెట్టింది. పెరట్లో ఇటుకలు పేర్చి, ఊక పోసి, గిన్నెను బోర్లించి కాల్చాం. పొగకు పక్కింటివారు రెండుసార్లు వచ్చి చూసిపోయారు. పగల్లేదు. లోపల నలుపు బాగానే పట్టింది, బయట మాత్రం ఎరుపు మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఊక ఎక్కువైందని ఆమె, ఇటుకల సందు చాలలేదని నేను.