పైతాన్ అని పిలిస్తే పలికేదెవరు?

మా పెద్దనాన్నగారి వీధిలో ముగ్గురు సుబ్బారావులు ఉండేవాళ్లు. వీధి మొదట్లో నిలబడి "సుబ్బారావూ!" అని కేకేస్తే మొదటి ఇంటాయనే బయటికొచ్చేవాడు. మిగతా ఇద్దరిదాకా ఆ కేక వెళ్లేదే కాదు. రెండు మూడు పైతాన్‌లున్న కంప్యూటర్‌లో పైతాన్ అని కొట్టినా ఇదే జరుగుతుంది.

ఈ వీధి పేరు పాత్. ఇప్పుడు మనం చూసే రూపంలో అది 1979లో, బెల్ ల్యాబ్స్ యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో, బోర్న్ షెల్‌తో పాటు వచ్చింది. కొన్ని డైరెక్టరీల పేర్లు, మధ్యలో కోలన్లు, అంతే. షెల్ ఎడమవైపు నుంచి వెతుక్కుంటూ వెళ్లి, అడిగిన పేరు మొదట ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది. ఒకే భాష వెర్షన్లను పక్కపక్కనే ఉంచి, కావలసినదాన్ని పలికించే వెర్షన్ మేనేజర్లు ఆ తర్వాత పుట్టాయి. అవి చాలావరకు ఈ వరుసతో చేసిన గారడీలే.

ఆ గారడీని 1991లోనే జాన్ ఫుర్లానీ 'మాడ్యూల్స్' పేరుతో యూజ్‌నిక్స్ సభలో వివరించాడు. ఒక కమాండ్ కొడితే కావలసిన డైరెక్టరీ వరుసలో చేరుతుంది, ఇంకోటి కొడితే తప్పుకుంటుంది. సూపర్ కంప్యూటర్ల దగ్గర ఇప్పటికీ 'మాడ్యూల్ లోడ్' అనే కొడతారు.

సొంత ల్యాప్‌టాప్‌లో ఆ అవసరాన్ని గట్టిగా తెచ్చిపెట్టింది రూబీ భాష. 1.8కి రాసిన ప్రోగ్రాములు కొన్ని 1.9లో నడవలేదు, రెండూ దగ్గరుంచుకోక తప్పలేదు. అందుకని వేన్ సెగ్విన్ ఆర్‌వీఎం అనే వెర్షన్ మేనేజర్ రాశాడు. పని బాగానే చేసేది గానీ, ఫోల్డర్ మారగానే వెర్షన్ మార్చడానికి ఏకంగా 'సీడీ' కమాండ్ మీదే చెయ్యి వేసింది. నా మటుకు అది అతి చొరవే. 2011లో శామ్ స్టీఫెన్సన్ ఆర్‌బెన్వ్‌తో వేరే దారి తొక్కాడు. పాత్‌లో అన్నిటికన్నా ముందు 'షిమ్స్' అనే డైరెక్టరీ పెట్టాడు. అందులో ఉన్నవి రూబీ పేరు పెట్టుకున్న చిట్టి స్క్రిప్టులు, అసలు రూబీ కాదు. పిలవగానే అవి మీరున్న ఫోల్డర్‌లో వెర్షన్ రాసిన ఫైలు ఉందా అని చూస్తాయి. లేకపోతే పై ఫోల్డర్, దాని పైది. నంబర్ దొరికాక అసలు రూబీకి పని అప్పగిస్తాయి. వీధి మొదట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, "ఎవరింటికొచ్చారో చీటీ చూపించండి" అనిపించినట్టు.

పైతాన్‌వాళ్ల పైఎన్వ్ ఆర్‌బెన్వ్ నుంచి చీలిందే. 2008 డిసెంబరులో పైతాన్ 3 వచ్చింది, పైతాన్ 2కి మద్దతు 2020 జనవరి 1 దాకా సాగింది. పదకొండేళ్లు ఇద్దరూ ఒకే వీధిలో! ఓసారి పాతది ఎందుకులెమ్మని సిస్టమ్‌తో పాటు వచ్చిన పైతాన్‌నే తీసేశాను. దాన్ని నమ్ముకున్న డెస్క్‌టాప్ కూడా వెళ్లిపోయింది.

భాషకో మేనేజర్ ఎందుకని ఆకాశ్ మనోహర్ 2014లో అన్నిటికీ కలిపి ఏఎస్‌డీఎఫ్ మొదలుపెట్టాడు. అందులోనూ షిమ్స్‌దే పని.

మీ మెషీన్‌లో ఏ పైతాన్ పలుకుతోందో తెలియకపోతే, దేన్నీ తీసేయకండి. లినక్స్ అయినా మ్యాక్ అయినా, ముందు 'విచ్ -ఏ పైతాన్3' కొట్టి చూడండి. వీధిలో ఎవరెవరున్నారో వరుసగా చెబుతుంది.