కణంలో ప్రోటీన్ల విచ్ఛిత్తి: ఒక శక్తి సమస్య చరిత్ర

ఉపోద్ఘాతం:
జీవరసాయన పరిశోధనలో ప్రోటీన్ల నిర్మాణానికి దక్కిన ప్రాధాన్యం వాటి విచ్ఛిత్తికి చాలాకాలం దక్కలేదు. శరీరంలోని ప్రోటీన్లు స్థిరమైనవన్న భావనను 1930ల చివర రుడాల్ఫ్ షోన్‌హైమర్ నత్రజని ఐసోటోపుతో జరిపిన ప్రయోగాలు తొలగించాయి. అవి నిరంతరం నశిస్తూ, తిరిగి నిర్మితమవుతూ ఉంటాయని తేలింది. ఆ నాశనం ఏ విధంగా జరుగుతుందన్నది మాత్రం ప్రశ్నగానే మిగిలింది.

శక్తి ఎందుకు?
1953లో మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయపు ముక్కలను పరిశీలించి, ప్రోటీన్ల విచ్ఛిత్తికి శక్తి అవసరమని గుర్తించారు. ఇది వింతైన ఫలితం. పెప్టైడ్ బంధం తెగడానికి సిద్ధాంతరీత్యా శక్తి అక్కరలేదు. జీర్ణనాళంలోని ఎంజైములు ఏటీపీ లేకుండానే ఆహార ప్రోటీన్లను ఛేదిస్తాయి. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ లైసోజోములను ప్రకటించిన తరువాత, కణాంతర విచ్ఛిత్తికి అవే స్థానమన్న అభిప్రాయం బలపడింది. కానీ ఒకే కణంలో కొన్ని ప్రోటీన్లు నిమిషాల్లో, మరికొన్ని రోజుల్లో నశించడానికి కారణాన్ని లైసోజోము వివరించలేకపోయింది.

పరిష్కారం:
1977లో ఎట్లింగర్, గోల్డ్‌బర్గ్ లైసోజోములు లేని రెటిక్యులోసైట్ల సారంలోనే ఏటీపీపై ఆధారపడిన విచ్ఛిత్తిని చూపారు. హైఫాలోని టెక్నియన్‌లో అవ్రామ్ హెర్ష్‌కో, ఆరన్ సీచనోవర్ ఆ కణాల సారాన్ని రెండు భాగాలుగా విడదీశారు. ఏ భాగమూ ఒంటరిగా పనిచేయలేదు. కలిపితే చర్య పునరుద్ధరించబడింది. మొదటి భాగంలోని క్రియాశీల పదార్థం వేడికి చెడని ఒక చిన్న ప్రోటీన్. అది నశించవలసిన ప్రోటీన్‌కు సమయోజనీయ బంధంతో అతుక్కుంటుందని 1980లో ఇర్విన్ రోజ్‌తో కలిసి నిరూపించారు. 1975 నాటికే మరొక సందర్భంలో వెలుగుచూసిన, 76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్ అదేనని అదే ఏడాది తేలింది.

గుర్తు వేసే విధానం తెలిసినా, కోసే యంత్రం స్పష్టపడటానికి 1980ల చివరి వరకు ఆగవలసి వచ్చింది. ప్రోటియాసోమ్ కేంద్రభాగం నాలుగు వలయాల బోలు గొట్టం. ఒక్కో వలయంలో ఏడు ఉపప్రమాణాలు. ఛేదన స్థానాలు లోపల దాగి ఉన్నందున, గుర్తు పడని ప్రోటీన్లకు అవి అందవు.

ముగింపు:
ఏటీపీ ఖర్చయ్యేది బంధాన్ని తెంచడానికి కాదు; ఏ ప్రోటీన్‌ను తొలగించాలో ఎంచి, యుబిక్విటిన్ తగిలించి, దాని మడతలు విప్పి లోపలికి పంపడానికి. సింప్సన్ గమనించిన శక్తి ఎంపికకు కణం చెల్లించే మూల్యం. 2003లో అమెరికాలో మల్టిపుల్ మైలోమాకు అనుమతి పొందిన బోర్టెజోమిబ్ ఈ ప్రోటియాసోమ్‌నే అడ్డుకుంటుంది. 2004లో హెర్ష్‌కో, సీచనోవర్, రోజ్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. ప్రబలమైన సిద్ధాంతానికి ఒదగని ఫలితాన్ని పొరపాటుగా పక్కన పెట్టకుండా ప్రశ్నగా నిలుపుకోవడమే ఈ ఆవిష్కరణకు మూలమైంది.