బ్యాటుకు మెరుగు ముఖ్యమా?

పిల్లలు అడిగే వస్తువుల్లో మనకు బొత్తిగా అంతుపట్టనిది క్రికెట్ బ్యాటు. చీరైతే కొంగు పట్టుకుని చూసి చెప్పేస్తాం. బియ్యమైతే నాలుగు గింజలు నోట్లో వేసుకుని పాతవో కొత్తవో తేల్చేస్తాం. బ్యాటు దగ్గరికొచ్చేసరికి మాత్రం తళతళలాడేదే మంచిదనుకుంటాం. ఆ తళతళ కింద ఏముందో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

క్రికెట్ పుట్టిన కొత్తలో బంతిని నేల మీద దొర్లించి వేసేవారు. అందుకే బ్యాటు కూడా హాకీ కర్రలా కింద వంపు తిరిగి ఉండేది. బంతిని గాల్లో వేసి నేలకు తగిలించడం మొదలయ్యాక బ్యాటు నిటారుగా మారింది. 1771లో థామస్ వైట్ అనే ఆయన ఇంగ్లాండులో వికెట్లన్నీ కనపడకుండా మూసేసేంత వెడల్పు బ్యాటుతో ఆడటానికి దిగాడట! దాంతో వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదన్నారు. ఇప్పటికీ అదే కొలత. 1979లో పెర్త్‌లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటు పట్టుకొచ్చాడు. బంతి పాడవుతోందని ఇంగ్లాండు కెప్టెన్ గొడవ చేశాడు. ఆ తర్వాత బ్యాటు పలక చెక్కతోనే ఉండాలని నియమం వచ్చింది. చెక్క పైన రక్షణకు అతికించే పొరకు కూడా లెక్కుంది, ఒక మిల్లీమీటరు మించకూడదు.

ఆ చెక్క విల్లో చెట్టుది. తేలికగా ఉంటుంది, దెబ్బకు పగలకుండా సాగుతుంది. మన దేశంలో కాశ్మీరులో పెరుగుతుంది. కాశ్మీరు విల్లో కాస్త బరువు, ధర తక్కువ. ఇంగ్లీషు విల్లో తేలిక, ధర వేలల్లో. దేశవిభజనకు ముందు బ్యాట్ల తయారీకి సియాల్‌కోట్ పేరు. 1947 తర్వాత అక్కడి పనివాళ్లు, యజమానులు ఎందరో మీరట్, జలంధర్ వచ్చి స్థిరపడ్డారు. మన అంగళ్లలో వేలాడే బ్యాట్లు ఎక్కువగా ఆ ఊళ్లవే.

ఇక మెరుగు సంగతి. పైపొర లేని బ్యాటుకు అవిసె నూనె పలుచగా రెండు మూడు సార్లు పట్టించి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. పిడికి, పిడి పలకతో కలిసే చోట నూనె తగలనివ్వకూడదు. ఎక్కువైతే చెక్క బరువెక్కి చచ్చుబడుతుంది. ఆ తర్వాత కొయ్య సుత్తితో గంటల తరబడి మెల్లగా కొట్టి చెక్కను గట్టిపరచాలి. కొత్త దోసె పెనానికి నూనె రాసి, ఉల్లిపాయతో రుద్ది మచ్చిక చేసుకుంటాం చూడండి, అదే పని. పారదర్శకమైన పొర అతికించిన బ్యాటుకు ముఖం మీద నూనె అక్కర్లేదు, తేమ పట్టదు, చిన్న పగుళ్లు విచ్చుకోవు. కానీ సుత్తి దెబ్బలు దానికీ తప్పవు. కాబట్టి పొర కాపాడుతుందే తప్ప ఒక్క పరుగు కూడా ఎక్కువ తెచ్చిపెట్టదు.

చిక్కల్లా ఎక్కడంటే, మెరుగు కొన్నిసార్లు చెక్కను దాచేస్తుంది. ముఖమంతా మందపాటి స్టిక్కర్లాంటి పొర వేస్తే కింద గీతలు సూటిగా ఉన్నాయో లేదో, ముడులున్నాయో లేవో తెలియదు. కొన్ని రకాల చెక్కను తెల్లగా కనపడాలని బ్లీచ్ కూడా చేస్తారు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. హిల్ కాలనీలో మగపిల్లలతో సమానంగా ఆడుతుంది. మొన్న వేసవిలో మిర్యాలగూడ వెళ్లి బ్యాట్లు చూశాం. ఒకటి పాలరాయిలా తెల్లగా ఉంది. ఇంకొకదానికి ఒక పక్కన ఎర్రటి చార, ధర బాగా తక్కువ. "అది చెట్టు లోపలి చేవ రంగమ్మా, ఆటకేం తేడా ఉండదు. కానీ ఎవరూ తీసుకోరు" అన్నాడు అంగడాయన. తేల్చుకోలేక ఇంటికి ఫోన్ చేశాం. మా అత్తమ్మ అంతా విని మనవరాలితో, "నన్ను గూడ గట్లనే నలుపని రెండు సంబంధాలోళ్లు ఒద్దన్నరు బిడ్డా. రంగు జూడకు, పని జూడు" అంది. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. యాభై ఏళ్లు మనసులో పెట్టుకుని, ఒక కొయ్యముక్క దగ్గర బయటపెట్టింది. ఎర్రచారదే కొన్నాం.

మెరుగు అసలే అక్కర్లేదని కాదు. కొండపల్లి బొమ్మకు పైన వేసే రంగే ప్రాణం, ఏటికొప్పాక లక్క బొమ్మకు లక్క నునుపే అందం. అవి చూసుకోవడానికి. బ్యాటు దెబ్బ తినడానికి. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద మన తెలుగువాడు సి.కె. నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టాడు. మెచ్చుకుని ఆ జట్టువాళ్లు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. మెరుపులో దాన్ని మించింది ఉంటుందా? కానీ పరుగులు తీసింది కొయ్య బ్యాటే.

కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగే. బ్యాటును పిల్లల పక్కన నిలబెడితే నడుము దాకా రావాలి. పైచేత్తో ఒక్కదాంతో ఎత్తగలగాలి. గీతలు సూటిగా ఉండాలి. ఆడేది టెన్నిస్ బంతా, గట్టి బంతా అన్నది ముందే చెప్పాలి. టెన్నిస్ బంతికైతే కాశ్మీరు విల్లో చాలు, సుత్తి పని కూడా అక్కర్లేదు. ఈ నాలుగూ కుదిరాకే మెరుగు.

ఆడపిల్ల బ్యాటు అడిగితే ఎందుకని మాత్రం అనకండి. ఆడవాళ్ల ప్రపంచకప్ 1973లోనే జరిగింది, మగవాళ్లకంటే రెండేళ్లు ముందు. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 2002లో ఇంగ్లాండు మీద 214 కొట్టింది. 2025లో అండర్-19 ప్రపంచకప్‌లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష సెంచరీ కొట్టి, టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. మన పిల్లల చేతిలోని బ్యాటు ఎంత మెరిసినా నాలుగు ఆటలకే మచ్చలు పడుతుంది. ఆ మచ్చలు పడితేనే ఆడినట్టు.