పన్ను డబ్బు, బడి పుస్తకము, సంఘము: మసాచుసెట్స్ పాఠశాల బోర్డుల చరిత్రలో ఒక అధ్యాయము

అమెరికాలో సంఘమునకు, ప్రభుత్వ పాఠశాలకు మధ్య జరిగిన వివాదములను గూర్చి వ్రాసేవారు సాధారణంగా కోర్టు తీర్పులతో మొదలుపెడతారు. బడిలో ప్రార్థన, బైబిలు పఠనములపై 1962, 1963 సంవత్సరములలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు మన వేదాంత విద్యార్థులకు కూడ పరిచయమే. అయితే అంతకు 130 ఏండ్లకు పైగా ముందే ఈ వివాదము లెక్కల పుస్తకములో మొదలైంది. అందరి పన్ను డబ్బుతో బడికి ఏ పుస్తకము కొనాలి? ఆ నిర్ణయము ఎవరు చేయాలి? మసాచుసెట్స్ రాష్ట్రము ఈ ప్రశ్నను ఎట్లు ఎదుర్కొన్నదో ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

ముందుగా ఒక వివరణ అవసరము. అక్కడ 'స్కూల్ డిస్ట్రిక్ట్' అంటే మన జిల్లా వంటిది కాదు. కొన్ని ఊళ్లకు, లేదా ఒక పట్టణమునకు బడులు నడిపే స్థానిక సంస్థ అది. దాని బోర్డును చాలాచోట్ల ఓటర్లే ఎన్నుకుంటారు. ఉపాధ్యాయుల నియామకము, పుస్తకములు, బస్సులు, మధ్యాహ్న భోజనము, భవనముల కాంట్రాక్టులు అన్నీ ఆ బోర్డు ఓటుతోనే జరుగుతాయి. 1930వ దశకము మొదట్లో ఇట్టి డిస్ట్రిక్టులు 1,27,000కు పైగా ఉండేవి. విలీనముల తరువాత ఇప్పుడు సుమారు 13,000 మిగిలాయి. మన రాష్ట్రములలో పాఠ్యపుస్తకములు ప్రభుత్వమే ముద్రించి పంపుతుంది గనుక, జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయునికి ఏ పుస్తకము కొనాలన్న బాధ లేదు. అక్కడ ఆ బాధ మొదటినుండి ఊరివారిదే.

1647లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వము 50 కుటుంబములున్న ప్రతి ఊరు చదవడము, వ్రాయడము నేర్పే ఒక ఉపాధ్యాయుని నియమించవలెనని చట్టము చేసింది. సాతాను మనుష్యులను లేఖనముల జ్ఞానమునకు దూరము చేయకుండుటకే బడి అని ఆ చట్టమే చెప్పుకున్నది. 1789 నాటి చట్టము స్కూల్ డిస్ట్రిక్టులను గుర్తించి, బోధకులు, ఊరి పెద్దలు బడులను తనిఖీ చేయవలెనన్నది. బోధకుడు బడిలో అతిథి కాడు, చట్టబద్ధమైన అధికారి. 1826లో ప్రతి టౌను ప్రత్యేకముగా ఒక స్కూల్ కమిటీని ఎన్నుకోవలెనని నియమము వచ్చింది. మరుసటి సంవత్సరమే, అనగా 1827లో, ఆ కమిటీల చేతులు కట్టివేసే ఒక నిబంధన చేర్చారు. ఏదైనా ఒక క్రైస్తవ శాఖకు గాని, దాని సిద్ధాంతమునకు గాని అనుకూలమైన పుస్తకములను కొనమని గాని, వాడమని గాని కమిటీ ఎన్నడును ఆదేశించరాదు.

ఈ నిబంధనను నాస్తికత్వపు తొలి అడుగుగా మన ప్రసంగములలో కొందరు చెప్పడము విన్నాను. నేను అంగీకరించను. 1827లో ఆ రాష్ట్రములో బోధకుల జీతములు ఇంకా పన్ను డబ్బుతోనే ఇచ్చేవారు. ఆ ఏర్పాటు 1833 వరకు రద్దు కాలేదు. అసలు కారణము విశ్వాసుల మధ్య చీలికే. 1820లో డెడమ్ సంఘము వ్యాజ్యములో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము, బోధకుని పిలిచే హక్కు పన్ను కట్టే పారిష్ అంతటిదే గాని, బల్లలో పాలుపొందే సభ్యులది మాత్రమే కాదని తీర్పు ఇచ్చింది. దానితో అనేక ఊళ్లలో త్రిత్వమును నమ్మే కాంగ్రిగేషనల్ సభ్యులు తమ మందిరములను, ఆస్తులను యూనిటేరియన్లకు వదలి బయటికి నడవవలసి వచ్చింది. మందిరము పోగొట్టుకున్నవాడు బడి పుస్తకముల జాబితాను ఎట్టి కన్నులతో చూస్తాడో మనము ఊహించగలము. అందుకే ఎవరి పుస్తకమూ వద్దన్నారు.

ఆ నియమమునకు అసలు పరీక్ష పది సంవత్సరముల తరువాత వచ్చింది. 1837లో రాష్ట్ర విద్యా బోర్డు ఏర్పడి, హోరస్ మాన్ కార్యదర్శి అయ్యాడు. అదే సంవత్సరము ప్రతి డిస్ట్రిక్టు బడి గ్రంథాలయము కొరకు మొదటి ఏడు 30 డాలర్లు, తరువాత ఏటా 10 డాలర్ల వరకు వెచ్చించవచ్చునని చట్టము వచ్చింది. చిన్న మొత్తమే గాని, వందలాది డిస్ట్రిక్టులు కొంటే ప్రచురణకర్తకు అది పెద్ద వ్యాపారము. డిస్ట్రిక్టులకు సిఫారసు చేయుటకు బోర్డు ఒక పుస్తకముల వరుసను సిద్ధము చేయ పూనుకున్నది. ప్రతి పుస్తకమును బోర్డు సభ్యులందరు ఆమోదించవలెను. ఒక్కరు వద్దన్నా దానికి చోటు లేదు. సభ్యులలో థామస్ రాబిన్స్, ఎమర్సన్ డేవిస్ వంటి కాంగ్రిగేషనల్ బోధకులు, జారెడ్ స్పార్క్స్ వంటి యూనిటేరియన్లు కలిసి ఉన్నారు.

1838లో ఫిలడెల్ఫియాలోని అమెరికన్ సండే స్కూల్ యూనియన్ అధికారి ఫ్రెడరిక్ ప్యాకర్డ్, మాన్‌కు ఒక ఉత్తరము వ్రాశాడు. జాన్ అబ్బాట్ పిల్లల కొరకు వ్రాసిన 'ది చైల్డ్ ఎట్ హోమ్' పుస్తకము బడి గ్రంథాలయములకు అంగీకారమా అని అడిగాడు. కాదని మాన్ సమాధానమిచ్చాడు. చిన్న తప్పులకు నిత్యశిక్ష అని బోధించే పుస్తకము, అందరికి రక్షణ కలదని నమ్మే యూనివర్సలిస్టు తల్లిదండ్రులను నొప్పిస్తుందని ఆయన వాదము. ప్యాకర్డ్ ఊరుకోలేదు. 'బోస్టన్ రికార్డర్' పత్రికలో 'క్లెరికస్ హాంప్‌డెనెన్సిస్', అనగా హాంప్‌డెన్ బోధకుడు, అను మారుపేరుతో మాన్‌పై దాడి చేశాడు. ప్యాకర్డ్ అభిషేకము పొందిన బోధకుడు కాడు. న్యాయవాదిగా, పత్రికా సంపాదకునిగా పనిచేసినవాడు. బోధకుల పేరు అరువు తెచ్చుకొని వాదించడము నాకు నచ్చని విషయము. 1840లో శాసనసభ కమిటీ ఒకటి విద్యా బోర్డునే రద్దు చేయవలెనని సిఫారసు చేసింది. రాష్ట్రము సిఫారసు చేసే గ్రంథాలయము క్రమేణ నిర్బంధమవుతుందన్నది వారి భయములలో ఒకటి. 182కు 245 ఓట్లతో ఆ ప్రయత్నము వీగిపోయింది.

ఇరువురిలో ఎవరిది న్యాయము? ఒక యూనివర్సలిస్టు రైతు కట్టిన పన్నుతో అతని విశ్వాసమును ఖండించే పుస్తకము కొనడము అన్యాయమన్న మాన్ మాట నాకు సరియైనదిగా తోస్తుంది. కాని ప్యాకర్డ్ ఆరోపణలో కూడ సత్యము ఉన్నది. అందరి అభ్యంతరములను తీసివేయగా మిగిలినది తటస్థము కాదు. పాపము, ప్రాయశ్చిత్తము తీసివేసి నీతి మాత్రము మిగిల్చితే, అది చాలవరకు యూనిటేరియన్ల మతమువలెనే కనబడుతుంది. ఇరువురు చూడని మూడవ వ్యక్తి కూడ ఉన్నాడు. ఐర్లండు నుండి వచ్చిన కతోలికుడు. వ్యాఖ్యానము లేకుండ ప్రొటెస్టంటుల కింగ్ జేమ్స్ బైబిలు చదివించుటను మాన్ సమర్థించాడు. 1855లో మసాచుసెట్స్ శాసనసభ సాధారణ ఆంగ్ల తర్జుమాలోని బైబిలును బడిలో ప్రతిదినము చదువవలెనని చట్టమే చేసింది. 1859లో బోస్టన్ ఇలియట్ స్కూలులో, పది ఆజ్ఞలను ప్రొటెస్టంటు పాఠము ప్రకారము చెప్పనన్నందుకు ఒక కతోలిక బాలుని కొట్టారు. శాఖాపరమైన పుస్తకము కొనరాదన్న రాష్ట్రమే ఇది. ఏది శాఖాపరమో నిర్ణయించినది అధిక సంఖ్యాకులే.

తరువాతి కథను క్లుప్తముగా చెప్పవచ్చును. 1884లో మసాచుసెట్స్ టౌనులు పాఠ్యపుస్తకములను తమ ఖర్చుతో కొని పిల్లలకు ఉచితముగా ఇవ్వవలసి వచ్చింది. 1890లో నాలుగు ప్రచురణ సంస్థలు కలిసి అమెరికన్ బుక్ కంపెనీగా ఏర్పడేసరికి, బోర్డు సభ్యులను ఏజెంట్లు ఎట్లు ఆకట్టుకుంటున్నారన్నదే పెద్ద ఫిర్యాదు అయింది. సీలు వేసిన టెండర్లు, బహిరంగ సమావేశములు, స్వలాభమున్న సభ్యుడు ఓటు వేయరాదన్న నియమములు క్రమేణ వచ్చాయి. 1968లో న్యూయార్క్ రాష్ట్రపు ఒక డిస్ట్రిక్టు బోర్డు వేసిన వ్యాజ్యములో, సంఘముల బడులలో చదివే పిల్లలకు కూడ బోర్డు లౌకిక పాఠ్యపుస్తకములు కొని అరువివ్వవచ్చునని సుప్రీంకోర్టు 6-3తో తీర్పు చెప్పింది.

నియమములు ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడలేదు. 2013లో షికాగో విద్యా బోర్డు, టెండరు లేకుండ 2 కోట్ల 5 లక్షల డాలర్ల శిక్షణ కాంట్రాక్టును ఆమోదించింది. దానిలో లంచము ఒప్పందమున్నదని 2015లో ఆ డిస్ట్రిక్టు అధిపతి బార్బరా బర్డ్-బెనెట్ నేరము అంగీకరించి, 2017లో నాలుగున్నర సంవత్సరముల శిక్ష పొందింది. మొదట అనుమానము లేవదీసినది ఒక విద్యా పత్రిక విలేఖరి. బోర్డు నిర్ణయములు బహిరంగ పత్రములు గనుక అది సాధ్యమైంది.

ఈ చరిత్రకు మన సంఘములతో సంబంధము లేకపోలేదు. ప్యాకర్డ్, మాన్‌ల వాదము ముగిసిన కొలది కాలమునకే, 1842లో, అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చాడు. 1854 నాటి వుడ్ విద్యా పత్రము, మిషన్ బడులకు గ్రాంటు ఇచ్చేటప్పుడు లౌకిక విద్యను మాత్రమే చూడవలెనని, మతబోధ జోలికి పోరాదని చెప్పింది. ఆ గ్రాంటు డబ్బుతో మన మిషన్ బడులు ఏ పుస్తకములు కొన్నాయి, ఎవరి దుకాణములో, ఎవరి సంతకముతో? ఆ లెక్కలు మేనేజర్ల మినిట్స్ పుస్తకములలో ఉంటాయి. మిషన్ బంగళాలలో, పాత పారిష్ బీరువాలలో అట్టివి ఎవరి దగ్గరైనా ఉంటే, చెదలు పట్టకముందే సెమినరీ గ్రంథాలయమునకు గాని, బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కళాశాల ఆర్కైవ్స్‌కు గాని చేర్చవలెనని చదువరులైన బోధకులను కోరుచున్నాను.