తల్లిఒడి ఒంటరిది కాదు

పసిబిడ్డ తల్లిని ఎందుకు అంటిపెట్టుకుంటుంది? పాల కోసమే అన్నది ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో చాలామంది మనస్తత్వవేత్తల జవాబు. ఫ్రాయిడ్ అనుయాయులూ ప్రవర్తనావాదులూ ఎన్నింటిలో తగువులాడుకున్నా ఈ మాట దగ్గర ఏకమయ్యారు. దాన్ని మొదట కదిలించినవి పక్షులు. గుడ్డు పగిలి బయటికొచ్చిన బాతుపిల్లలు మొదట కంటపడి కదిలేదాని వెంట, అది మేత పెట్టకపోయినా, నడుస్తాయని 1935లో కొన్రాడ్ లోరెంజ్ వివరించాడు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదికలో తల్లికి దూరమైన పిల్లల దుస్థితిని ఒకచోట చేర్చాడు. అలా ఎందుకు జరుగుతుందో చెప్పే సిద్ధాంతానికి మాత్రం ఆయన జంతువుల పరిశీలకులనే ఆశ్రయించాడు.

ఆ సిద్ధాంతానికి పెద్ద ఆసరా ఇచ్చినవి మన దేశం నుంచి ఎగుమతైన రీసస్ కోతులు. అవి జబ్బులతో వస్తుండటంతో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో సొంతంగా కోతులను పెంచడం మొదలుపెట్టాడు. రోగం అంటకుండా తల్లుల నుంచి వేరుచేసిన పిల్లలు బోనులో పరిచిన గుడ్డను వదలకపోవడం ఆయనను ఆలోచనలో పడేసింది. 1958లో ప్రకటించిన ప్రయోగంలో తీగలతో చేసిన బొమ్మతల్లి దగ్గర పాలున్నా, పిల్లలు ఎక్కువసేపు గుడ్డచుట్టిన బొమ్మనే కరుచుకున్నాయి. పాల వాదం అక్కడ కూలింది. దాని స్థానంలో బిడ్డకు తల్లి ఒక్కతే దిక్కు, ఆమె క్షణం పక్కకు జరిగినా ముప్పే అన్న మరో అతి ప్రచారంలోకి వచ్చింది.

ఈ రెండో అతిని సవరించింది దక్షిణ భారతపు కోతి. తల మీద వెంట్రుకలు టోపీలా పరుచుకుని, తోక పొడవుగా ఉండే బానెట్ కోతికి గోదావరి చాలాకాలం ఉత్తరపు హద్దు. తెలంగాణలో మరమగ్గాల పట్టణమైన సిరిసిల్ల, దాని చుట్టుపక్కల కోరుట్ల, జగిత్యాల ఆ నదికి దక్షిణాన, అంటే ఈ కోతుల సీమలోనే ఉన్నాయి. రీసస్ కోతులు కిందికి చొచ్చుకొస్తుండటంతో ఇప్పుడు ఆ హద్దు చెదిరిపోతోంది. 1960లలో న్యూయార్క్‌లో చార్లెస్ కాఫ్‌మన్, లెనర్డ్ రోజెన్‌బ్లమ్ ఈ జాతిని ఆగ్నేయాసియాకు చెందిన పందితోక కోతులతో పోల్చి చూశారు. పందితోక తల్లి పిల్లను ఇతరులకు అందనివ్వదు. తల్లిని తీసేస్తే పిల్ల ముడుచుకుని దిగులులో కూరుకుపోయింది. బానెట్ కోతులు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి, తల్లి తన పిల్లను ఇతర ఆడకోతుల చేతికి రానిస్తుంది. తల్లిని తీసేసినప్పుడు పిల్ల మొదట అల్లాడినా, ఆ ఆడకోతులే దాన్ని అక్కున చేర్చుకున్నాయి. ఎడబాటు ఎంత గాయం చేస్తుందన్నది తల్లి చుట్టూ ఉన్న గుంపు తీరును బట్టి కూడా ఉంటుందన్నమాట.

కోతుల సంగతి మనుషులకు వర్తిస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. సూటిగా వర్తించదు. అయితే 1964లో స్కాట్లాండ్‌లో షాఫర్, ఎమర్సన్ అరవైమంది శిశువులను గమనించినప్పుడు, ఏడాదిన్నర వయసుకు ఎక్కువమంది తల్లితోపాటు తండ్రికో, అవ్వాతాతలకో కూడా చేరువయ్యారు. అలాగైతే తల్లి లేకున్నా ఫర్వాలేదా అంటే, అదీ కాదు. బానెట్ పిల్లను ఆదుకున్నవి దానికి ముందే తెలిసిన చేతులు. రోజుకొకరుగా మారే అపరిచితులు ఆ పని చేయలేరు. ఇక ఈ జ్ఞానం క్రూరత్వం మీద నిలిచిందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. హార్లో ఆ తరువాత పిల్లలను నెలల తరబడి ఏకాంతంలో ఉంచిన తీరును సమర్థించలేం. సైనిక ప్రయోగాలకు వాడుతున్నారన్న ఆరోపణల నడుమ భారత ప్రభుత్వం 1978లో రీసస్ కోతుల ఎగుమతినే ఆపేసింది. అప్పటికే తెలిసినదాన్ని పిల్లల మేలుకు వాడకపోతే మాత్రం ఆ క్రూరత్వానికి వ్యర్థత కూడా తోడవుతుంది.

సిరిసిల్లకు అన్నిటికన్నా దగ్గరి పాఠం 1984 నాటిది. రోజెన్‌బ్లమ్, పాలీ కొందరు బానెట్ తల్లులకు మేత సులువుగా దొరికేలా, కొందరికి ఎప్పుడూ కష్టపడితేనే దొరికేలా, ఇంకొందరికి కొన్నాళ్లు సులువుగా కొన్నాళ్లు కష్టంగా దొరికేలా ఏర్పాటు చేశారు. ఎవరూ పస్తులుండలేదు. అయినా బాగా నలిగింది మూడో గుంపు పిల్లలు: తల్లిని వదిలి ఆడుకోవడానికే జంకాయి. అలా పెరిగిన కోతుల వెన్నుద్రవంలో ఒత్తిడిని రగిల్చే రసాయనం పెద్దయ్యాక కూడా ఎక్కువగా ఉందని 1996లో కోప్లన్ బృందం చూపింది. నిలకడైన కష్టం కన్నా నిలకడలేని బతుకే తల్లి ధ్యాసను ఎక్కువగా చెదరగొట్టింది.

అందుకే తల్లి ఇంట్లో బీడీలు చుడుతోందనో, తండ్రి దుబాయిలో ఉన్నాడనో, బిడ్డను నానమ్మ సాకుతోందనో ఈ ప్రాంతపు కుటుంబాలను తప్పుపట్టడానికి ఈ పరిశోధనలో ఆధారం లేదు. వేలెత్తి చూపవలసింది అనిశ్చితిని. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు ఉన్న నెలల్లో సిరిసిల్ల సాంచాలు (మరమగ్గాలు) నడిచాయి, లేని నెలల్లో ఆగాయి. కూలి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో బిడ్డ వైపు తిరగవలసిన ధ్యాస అప్పు వైపు తిరుగుతుంది. కాబట్టి సిరిసిల్లలో ఏడాది పొడవునా పని దొరికేలా చూడటం పరిశ్రమల శాఖ పని మాత్రమే కాదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డుతో సమానంగా అది శిశు సంక్షేమ కార్యక్రమం కూడా.